ఉచితంగా వచ్చిన పుస్తకం ఎవరిది?

  ఈసారి పోస్టు పెద్దదే. ఊళ్లో పిల్లలకు సాయంత్రం బడి నడుపుతున్నవాళ్లు, నడపాలని అనుకుంటున్నవాళ్లు మాత్రం ఓపిక చేసుకొని చివరిదాకా చదవండి.

పోయిన ఎండాకాలం సెలవులకు హాస్టళ్ల నుంచి ఇంటికొచ్చినప్పుడు మేం ఐదారుగురం కలిసి పిల్లలకు చదువు చెప్పడం మొదలుపెట్టాం. కమ్యూనిటీ హాల్ అరుగు, ఒక సోలార్ లైటు, ముప్పై మంది దాకా పిల్లలు. గోండులు ఎక్కువ, పక్క గూడెం నుంచి కొలాం పిల్లలు ఏడెనిమిది మంది. పలకలున్నాయి, సుద్దముక్కలున్నాయి. చెప్పడానికి ఏముందని చూస్తే బడి పుస్తకాలు తప్ప ఇంకేమీ లేవు.

రెండో రోజే మాకు పాఠం అయింది. తెలుగులో "ఏరు" అన్న మాట వచ్చింది. ఏరంటే ఏంటి చెప్పండి అంటే, ఒకటో తరగతి పిల్ల లేచి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి మా ముందు పెట్టింది. గోండిలో ఏర్ అంటే నీళ్లు కదా. పుస్తకం ప్రకారం ఆ పిల్ల తప్పు చేసింది. మాకు మాత్రం ఆ చెంబు చూస్తే సిగ్గేసింది. మేం కూడా అదే వయసులో అలాంటి తప్పులే చేసి దెబ్బలు తిన్నోళ్లం, ఇప్పుడు మేమే సార్ల సీట్లో కూర్చొని అదే ప్రశ్న అడుగుతున్నాం.

మా అక్కలు చదివే రోజుల్లో మన భాషల్లోనే వాచకాలు ఉండేవి అని ఎవరో అన్నారు. సరే అని ఇల్లిల్లూ తిరిగి అడిగాం. ఒక అక్క వాళ్ల అటక మీద, యూరియా సంచిలో చుట్టి పెట్టిన కొలామీ పుస్తకం ఒకటి దొరికింది. అట్ట లేదు. మధ్యలో రెండు ఆకులు లేవు. బొమ్మల మీద ఎవరో రంగు పెన్సిల్‌తో మీసాలు గీశారు. గోండి పుస్తకమైతే ఒక్కటీ దొరకలేదు. ప్రభుత్వం అచ్చేసి, ఊరికే పంచిన పుస్తకాలే. ఎక్కడికి పోయాయి అవన్నీ? ఈ ప్రశ్న పట్టుకొని వెనక్కి తవ్వుకుంటూ పోతే, మన పిల్లల కోసం ఉచితంగా తయారైన పాఠాలకు నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉందని తెలిసింది. అది మన బడి పుస్తకాల్లో లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాం.

మొదట చెప్పాల్సిన పేరు గిడుగు వెంకట రామమూర్తి పంతులుది. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టాడు. పర్లాకిమిడి రాజావారి బడిలో టీచరు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తారు కదా, మన హాస్టళ్లలో కూడా ఫొటోకి దండేసి వ్యాసరచన పోటీ పెడతారు. వాడుక భాష కోసం కొట్లాడినాయన అని ఉపన్యాసం ఇస్తారు. సవర పిల్లల కోసం చేసిన పని మాత్రం ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది. మనకు అదే అసలు సంగతి.

పర్లాకిమిడి చుట్టూ కొండల్లో ఉండే సవరలు సంతకు దిగినప్పుడు భాష రాక మోసపోవడం ఆయన చూశాడు. తెలుగు వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకొని భాష నేర్చుకున్నాడు, ఏళ్ల తరబడి కొండలెక్కాడు. మన్యం జ్వరానికి క్వినైన్ మింగీ మింగీ చెవుడు వచ్చిందని చెబుతారు. సవర భాషలో వాచకాలు, కథలు, పాటల పుస్తకాలు తయారు చేశాడు. సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు నడిపాడు. ఆ పుస్తకాలకు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టండి చాలన్నాడని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. 1931లో మద్రాసు ప్రభుత్వం ఆయన సవర వ్యాకరణాన్ని అచ్చేసింది, నిఘంటువులు ఆ తర్వాత వచ్చాయి. 1940లో చనిపోయాడు. ఇంట్లో ఉండి ఆయనకు భాష నేర్పిన సవర మనిషి పేరు మాత్రం ఏ దినోత్సవంలోనూ వినపడదు. ఆ మాట కూడా ఇక్కడే అనేసి ముందుకు పోతాం.

ఇక్కడ ఒక చట్టం సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్ల వరకే కాపీరైటు. అంటే గిడుగు పుస్తకాలు 2001 నుంచి అందరివీ. ఎవరినీ అడగక్కర్లేదు, అచ్చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు. సవర తమ్ముళ్లూ, ఆ నిఘంటువులు స్కాన్ అయి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. రోమన్ అక్షరాల్లో, ప్రత్యేకమైన గుర్తులతో ఉంటాయి కాబట్టి మొదట కళ్లు తిరుగుతాయి. ఒక పెద్దాయన్ని పక్కన కూర్చోబెట్టుకొని పైకి చదవండి, దారి దొరుకుతుంది.

అటు గిడుగు పోయిన ఏడాదే ఇటు ఆదిలాబాద్ అడవుల్లో జోడేఘాట్ జరిగింది. 1940. కుమ్రం భీం అమరుడయ్యాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోమని నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో గుడిసె వేసుకొని ఉన్నారు. భూమి పట్టాల గురించి ఆయన చేసిన సిఫారసులు మన పెద్దలందరికీ తెలుసు. చదువు గురించి చేసింది తక్కువ మందికి తెలుసు.

సమస్య ఏంటంటే, గోండు పిల్లలకు చదువు చెప్పేదెవరు? బయటి టీచరుకు గోండి రాదు, వచ్చినా అడవిలో నెల రోజులు ఉండడు. గోండుల్లో చదువుకున్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అందుకని 1943లో మార్లవాయిలో శిక్షణ కేంద్రం పెట్టి ముందు గోండు యువకులకే అక్షరాలు నేర్పారు. వాళ్లనే టీచర్లుగా తయారు చేసి ఊళ్లకు పంపారు. వాళ్ల చేతిలో పెట్టడానికి గోండి వాచకాలు రాయించి అచ్చేశారు. లిపి దేవనాగరి. గోండి నేర్చుకున్న హైదరాబాద్ సంస్థానం అధికారి సేతు మాధవరావు పగ్డీ లాంటి వాళ్ల చెయ్యి కూడా ఇందులో ఉంది. మా తాతల్లో కొందరి సంతకాలు దేవనాగరిలో ఉండేవి. మరాఠీ అనుకునేవాళ్లం. ఇది చదివాక ఆ కాగితాలు మళ్లీ తీసి చూసుకున్నాం.

ఇదంతా నిజాం సర్కారు మన మీద ప్రేమతో చేసిందని మేం అనం. తిరుగుబాటు మళ్లీ రాకూడదని చేసింది. భీం ప్రాణం పెడితే వచ్చిన వాచకాలవి. అయినా సరే, గోండు పిల్లవాడికి గోండు టీచరు గోండిలో అక్షరం దిద్దించడం అనేది మన నేల మీద ఎనభై ఏళ్ల కిందటే జరిగింది. ఇది జరిగే పని కాదని ఇప్పుడు ఎవరైనా అంటే వాళ్లకు మార్లవాయి పేరు చెప్పండి.

ఆ తర్వాత నిజాం పోయాడు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. బడి భాష చాలాచోట్ల తెలుగు అయిపోయింది. దేవనాగరిలో ఉన్న గోండి వాచకాలకు బడిలో చోటు లేకుండా పోయింది. విచిత్రం చూడండి, రాష్ట్రాల్ని భాషల వారీగా విడదీసిన 1956 నాటి ఏడో సవరణే రాజ్యాంగంలో 350ఏ అధికరణాన్ని కూడా చేర్చింది. భాషాపరంగా తక్కువమంది ఉన్న వాళ్ల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు చేయాలని అందులో ఉంది. కాగితం మీద హక్కు వచ్చిన కాలంలోనే చేతిలో ఉన్న పుస్తకం పోయింది.

ఆ 1940ల వాచకాలు ప్రభుత్వం అచ్చేసినవి. ప్రభుత్వ ప్రచురణకు కాపీరైటు అచ్చయిన నాటి నుంచి 60 ఏళ్లే. అంటే అవి కూడా ఎప్పుడో మనవైపోయాయి. వాడుకునే హక్కు పూర్తిగా ఉంది, వాడుకోవడానికి మాకు ఒక్క ప్రతి దొరకలేదు. గిడుగు పుస్తకానికి హక్కూ ఉంది, ప్రతీ ఉంది. రెండింటికీ తేడా ఏంటని ఆలోచించాం. ఒకటి లైబ్రరీలకు చేరింది, ఇంకొకటి పిల్లల చేతుల్లో నలిగి చిరిగిపోయింది. పిల్లల చేతిలో చిరిగిపోవడం పుస్తకానికి గౌరవమే. కాకపోతే ఒక ప్రతి పక్కన దాచేవాళ్లు ఎవరూ లేకపోయారు.

దాచినవాళ్లు ఉంటే ఎలా ఉంటుందో చూడాలంటే కాస్త ఉత్తరానికి, మన గోండు బంధువులున్న మధ్యప్రదేశ్‌కు పోవాలి. 1972లో అక్కడి హోషంగాబాద్ జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలల్లో సైన్సును ప్రయోగాలతో చెప్పే కార్యక్రమం ఒకటి మొదలైంది. కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ కలిసి మొదలుపెట్టాయి, 1982 నుంచి ఏకలవ్య అనే సంస్థ చూసుకుంది. పల్లెటూరి బడి, ల్యాబు లేదు, డబ్బు లేదు. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు, బబ్బిలి గింజలు, కుంటలో నీళ్లు, ఇవే పరికరాలు. పిల్లలు చేసి చూసి రాయాలి. 'బాల్ వైజ్ఞానిక్' అని పాఠ్యపుస్తకాలు కూడా రాశారు. 2002లో అక్కడి ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. ముప్పై ఏళ్ల పని ఒక్క ఆర్డరుతో పోయింది. కానీ పుస్తకాలు పోలేదు. తయారు చేసినవాళ్లే దాచుకున్నారు, తర్వాత ఉచితంగా అందరికీ పెట్టేశారు. ఆ రోజుల్లో అక్కడ పనిచేసిన ఇంజనీరు అరవింద్ గుప్తా తర్వాత చెత్త నుంచి బొమ్మలు చేయడం నేర్పే పుస్తకాలు, వీడియోలు వందల్లో పెట్టాడు, అందులో తెలుగు పుస్తకాలు కూడా ఉన్నాయి. పథకం చచ్చిపోయినా పాఠం బతికింది.

ఇక మన అక్కల పుస్తకాల దగ్గరికి వద్దాం. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బహుభాషా విద్య అని మొదలైంది. గోండి, కోయ, కొలామీ, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా, మొత్తం ఎనిమిది భాషలు, మొదట 240 బడులు. లిపి తెలుగే. ఆ భాష మాట్లాడే మన టీచర్లనే కూర్చోబెట్టి, మన సంత, మన పండగ, మన అడవి మీద పాఠాలు రాయించారు. ఒకటో తరగతిలో ఇంటి భాషతో మొదలుపెట్టి మెల్లమెల్లగా తెలుగులోకి తీసుకెళ్లడం ఆలోచన. యూరియా సంచిలో దొరికిన పుస్తకం ఆ కాలానిదే. అందులో పాఠాలు మా పక్క గూడెం కొలాం పిల్లలకు చదివి వినిపిస్తే, ఒకడు లేచి "ఇది మా అవ్వ మాట్లాడినట్టే ఉంది, పుస్తకంలోకి ఎట్లా వచ్చింది?" అన్నాడు. దీనికి మించిన పరీక్ష ఏ పుస్తకానికీ పెట్టక్కర్లేదు.

మంచి పని. మరి ఎందుకు ఆగింది? పై అధికారి మారాడు, నిధులు తగ్గాయి, భాష వచ్చిన టీచరు బదిలీ అయ్యాడు, భాష రాని టీచరు వచ్చి పుస్తకాల కట్ట విప్పనే లేదు, తల్లిదండ్రులు ఇంగ్లిష్ మీడియం అడిగారు. ఒక్కో ఊళ్లో ఒక్కో కారణం చెబుతారు. అన్నీ నిజమే అయ్యుంటాయి. తర్వాత కూడా రెండు రాష్ట్రాల్లో అక్కడక్కడా కొత్త ప్రయత్నాలు జరిగాయి, జరుగుతున్నాయి. కానీ ఆ పాత పుస్తకాల్ని మనమే మళ్లీ అచ్చేసుకుందామంటే కుదరదు. అవి ప్రభుత్వానివి, ఇంకో నలభై ఏళ్లు కాపీరైటు ఉంటుంది. మేం ఒక ఆఫీసుకు అర్జీ పెట్టాం, పీడీఎఫ్ ఉంటే ఇవ్వండి, లేకపోతే మేం స్కాన్ చేసుకోవడానికి అనుమతి ఇవ్వండి అని. ఆరు నెలలైంది. జవాబు లేదు.

ఇక్కడే మాకు ఒక తేడా అర్థమైంది. ఊరికే ఇవ్వడం వేరు, వాడుకొమ్మని ఇవ్వడం వేరు. మన ప్రభుత్వాలు ఒకటి నుంచి పది దాకా పుస్తకాలు ఊరికే ఇస్తాయి. ఎన్సీఈఆర్టీ పుస్తకాలన్నీ నెట్‌లో ఉచితంగా దించుకోవచ్చు. మన రెండు రాష్ట్రాల పుస్తకాలు కూడా అంతే. మంచిదే. అవి చదువుకోవచ్చు. వాటిని కొలామీలోకి మార్చి అచ్చేసి పంచితే మాత్రం అడిగేవాడు ఉంటాడు. హైమన్‌డార్ఫ్ 1982లో రాసిన 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా' పుస్తకం మొత్తం కాలిఫోర్నియా యూనివర్సిటీ ప్రెస్ వాళ్లు నెట్‌లో ఉచితంగా చదువుకోనిస్తారు. మన చదువుల గురించి అందులో ఒక అధ్యాయమే ఉంది, తప్పకుండా చదవండి. కానీ ఆయన చనిపోయింది 1995లో. ఆ పుస్తకాన్ని మనం మార్చి వేసుకోవాలంటే 2055 దాటాలి.

రెండో రకం, అంటే వాడుకొమ్మని ఇచ్చేది, ఈ శతాబ్దం మొదట్లో వచ్చింది. 2001లో అమెరికాలోని ఎంఐటీ తన పాఠాలన్నీ ఉచితంగా పెడతానని ప్రకటించింది. 2002లో పారిస్‌లో యునెస్కో సమావేశంలో ఇలాంటి పాఠాలకు ఒక పేరు పెట్టారు, తెలుగులో చెప్పాలంటే బహిరంగ విద్యా వనరులు. అదే ఏడాది చివర క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు వచ్చాయి. రాసినవాడు ముందుగానే 'నా పేరు చెప్పి తీసుకోండి, మార్చుకోండి, అచ్చేసుకోండి' అని కాగితం రాసిచ్చినట్టు. పేజీ అడుగున సీసీ బై అని కనిపిస్తే అర్థం అదే. దాని పక్కన ఎన్సీ అని ఉంటే అమ్ముకోకూడదు. ఎన్డీ అని ఉంటే మార్చకూడదు, అంటే అనువాదం కూడా చేయకూడదు. ఈ రెండక్షరాలు చూడకుండా మేం ఒక కథ మొత్తం గోండిలోకి మార్చి, తర్వాత చూసుకొని తల పట్టుకున్నాం. మీరు ముందే చూడండి.

మన దేశంలో 2013లో ఎన్సీఈఆర్టీ వాళ్లు ఇలాంటి వనరుల కోసం జాతీయ భాండాగారం పెట్టారు, 2017లో దీక్ష వచ్చింది. మీ తమ్ముళ్ల పుస్తకాల్లో గళ్లగళ్ల నల్ల చదరం ఉంటుందే, ఆ క్యూఆర్ కోడ్ దీక్షలోకే తీసుకెళుతుంది. అది స్కాన్ చేయాలంటే సిగ్నల్ ఉండాలి, ఫోన్ ఉండాలి, ఫోన్‌లో డేటా ఉండాలి. 2020 సెప్టెంబర్‌లో టీ-శాట్, దూరదర్శన్ యాదగిరిలో టీవీ పాఠాలు మొదలైనప్పుడు మన ఊళ్లలో ఏం జరిగిందో మీకు వేరే చెప్పాలా? ఒక టీవీ ముందు పాతిక మంది, వర్షం పడితే కరెంటు పోయేది. ఇంటర్ పిల్లలం సిగ్నల్ కోసం గుట్టెక్కేవాళ్లం. గుట్ట మీద మేకలు కాసే తాత మమ్మల్ని చూసి "ఏం పోగొట్టుకున్నర్ర బిడ్డా" అని అడిగేవాడు.

అందుకని ఈసారి మేం టౌనుకు పోయినప్పుడే అన్నీ దించుకొని, మెమొరీ కార్డుల్లో పెట్టుకొని ఊరికి తెచ్చాం. ఏ సబ్జెక్టుకు ఏం దొరికిందో, ఏది పనికొచ్చిందో చెబుతాం.

కథలకు స్టోరీవీవర్. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో పెట్టారు. అన్నీ సీసీ బై. తెలుగు కథలు బోలెడున్నాయి, గోండి కథలు కూడా ఉన్నాయి. గోండి మాత్రం ఛత్తీస్‌గఢ్ వైపుది, దేవనాగరిలో ఉంది. మేం పైకి చదివి వినిపిస్తే మా పిల్లలకు ముప్పావు వంతు అర్థమైంది, మిగతా పావు వంతుకు పడీపడీ నవ్వారు. బొమ్మలు అలాగే ఉంచి మాటలు మార్చుకోవచ్చు కాబట్టి, మా కొలాం మిత్రుడు ఒక కథను కొలామీ చేశాడు. వాళ్ల అవ్వకు చదివి వినిపిస్తే ఆమె పదకొండు మాటలు మార్చింది. మేం బీఎడ్‌లో చదివిన పాఠ్యప్రణాళికా నిర్మాణం పేపరు కంటే ఆ సాయంత్రం ఎక్కువ నేర్చుకున్నాం. ఒకే కథ తెలుగులో, ఇంగ్లిష్‌లో పక్కపక్కన పెట్టి చదివించడం ఇంగ్లిష్‌కు కూడా పనికొచ్చింది.

సైన్సుకు ఫెట్ అని ఉంది. కొలరాడో యూనివర్సిటీలో నోబెల్ పొందిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వైమన్ 2002లో మొదలుపెట్టింది. తెరమీద బల్బు, తీగ, బ్యాటరీ కలిపితే వెలుగుతుంది, తప్పు కలిపితే మంట లేస్తుంది. కొన్ని తెలుగులోనే ఉన్నాయి, దించుకుంటే నెట్ లేకుండా నడుస్తాయి. ఒక్క మాట మాత్రం చెప్పాలి. ముప్పై మంది పిల్లలు, ఒక ల్యాప్‌టాప్ అంటే ముందు కూర్చున్న ఐదుగురికే చదువు. అరవింద్ గుప్తా పుస్తకం చూసి అగ్గిపుల్లలు, వాల్వు ట్యూబుతో త్రిభుజాలు, చతురస్రాలు చేయించిన రోజు అందరి చేతులూ పనిలో ఉన్నాయి. త్రిభుజం కదలదు, చతురస్రం నొక్కితే వంగిపోతుంది. ఇంటి కప్పుకు దూలాలు ఎందుకు అలా వేస్తారో ఒక పిల్లాడు వాళ్ల నాన్నను అడిగి వచ్చి మాకు చెప్పాడు.

లెక్కలకు ఎక్కడెక్కడో వెతికి, చివరికి మన ఇంట్లోనే దొరికింది. నాల్వెన్, సివెన్, సార్వెన్, ఏర్వెన్. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల సగాలు. ఒకే సగాలో పెళ్లి కుదరదు. ఊళ్లో ఇళ్లన్నీ నాలుగు గుంపులుగా రాయించి, ఎవరింటికి ఎవరింటితో వియ్యం కుదురుతుందో గీతలు గీయించాం. సమితులు, వియుక్త సమితులు అని పదో తరగతిలో భయపెట్టే పాఠం ఇదే. ఐదో తరగతి పిల్లలు గడగడా చెప్పారు. ఇది ఏ వెబ్‌సైట్‌లోనూ లేదు. మనం రాసి సీసీ బై అని పెడితే ఉంటుంది.

సోషల్‌కు ఓపెన్ స్ట్రీట్ మ్యాప్. 2004లో మొదలైంది, ఎవరైనా మార్చగలిగే ప్రపంచ పటం. మన ఊరు తెరిస్తే ఒక రోడ్డు, తెల్లటి ఖాళీ. పిల్లలతో కలిసి వాగులు, గుట్టలు, పెర్సాపేన్ చోటు తప్ప మిగతావన్నీ పేర్లు రాసి పెట్టాం. పేన్ చోటు పెట్టొద్దని పెద్దలు అన్నారు, పెట్టలేదు. అందరికీ పంచాల్సినవీ ఉంటాయి, పంచకూడనివీ ఉంటాయి. ఉచితం, బహిరంగం అని ఊగిపోయే ముందు ఊరి పెద్దల్ని అడగండి. హైమన్‌డార్ఫ్ తీసిన ఫొటోలు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయం వాళ్ల డిజిటల్ సేకరణలో ఉన్నాయి. 1940ల నాటి మన ముఖాలు. ప్రొజెక్టరు లేదు, ఫోన్‌లోనే ఒక్కొక్కరికీ చూపించాం.

నెట్ లేని చోటికి కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెలుగు వికీపీడియా మొత్తం ఫోన్‌లోకి ఎక్కించుకోవచ్చు. పిల్లలు అడిగే ప్రశ్నలకు అక్కడికక్కడే వెతకొచ్చు. తెలుగు వికీపీడియా 2003 నుంచి ఉంది. మన తెగల మీద ఉన్న పేజీలు కొన్ని చదివితే కోపం వస్తుంది. కోపం వస్తే మార్చండి, దానికీ ఎవర్నీ అడగక్కర్లేదు.

లిపి గురించి అడిగేవాళ్లుంటారు. ఉట్నూరు వైపు గుంజాల ఊళ్లో దొరికిన రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది, ఉచిత ఫాంటు ఉంది. సవరల కోసం మంగే గొమాంగో 1936లో తయారు చేసిన సొరాంగ్ సొంపెంగ్ అంతకు ముందే 2012లో చేరింది. మేం మాత్రం చిన్నపిల్లలకు తెలుగు లిపితోనే మొదలుపెట్టాం, బడిలో అదే కాబట్టి. గుంజాల అక్షరాలతో ఎవరి పేరు వాళ్లు రాసుకోవడం నేర్పాం. దీని మీద మనలో మనకు వాదన ఉంది, ఉండనివ్వండి.

ఇక జిరాక్స్ భయం. చట్టంలో 52వ సెక్షన్ కింద చదువు చెప్పే క్రమంలో టీచరు గాని విద్యార్థి గాని కాపీ చేసుకోవడం కాపీరైటు ఉల్లంఘన కాదు. ఢిల్లీ యూనివర్సిటీ దగ్గర ఒక జిరాక్స్ షాపు మీద పెద్ద పెద్ద ప్రచురణ సంస్థలు కేసు వేస్తే, 2016లో ఢిల్లీ హైకోర్టు చదువు వైపే నిలబడింది. అందుకే అటక మీద దొరికిన కొలామీ పుస్తకాన్ని మా బడి పిల్లల కోసం జిరాక్స్ తీసి కుట్టించాం. పదిహేను కాపీలు. అమ్మం, నెట్‌లో పెట్టం, ఆఫీసు నుంచి జవాబు వచ్చేదాకా. అసలు పుస్తకాన్ని మాత్రం ఆకు ఆకు ఫొటో తీసి మూడు చోట్ల దాచాం.

ఆ రెండు ఆకులు ఇంకా దొరకలేదు. 17 నుంచి 20 దాకా పేజీలు. ముందు పేజీలో ఒక అవ్వ, మనవడు సంతకు బయల్దేరతారు. 21వ పేజీకి వచ్చేసరికి మనవడి చేతిలో మేకపిల్ల ఉంటుంది, అవ్వ కనిపించదు. మధ్యలో ఏం జరిగిందని పిల్లలు రోజూ అడుగుతున్నారు, తలా ఒక కథ చెబుతున్నారు. కెరమెరి, నార్నూర్, ఇంద్రవెల్లి వైపు 2004 తర్వాత ఒకటో తరగతి చదివిన కొలాం అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే ఒకసారి అటకలు, పెట్టెలు, బియ్యం డబ్బాలు వెతకండి. పుస్తకం పంపక్కర్లేదు, ఆ నాలుగు పేజీలు ఫొటో తీసి ఇక్కడ పెడితే చాలు. గోండిది ఏ తరగతిదైనా సరే, అట్ట ఒక్కటే ఉన్నా సరే.